పాత కెమెరా చేసిన పాపమేమిటి?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఈ సామెత ఇప్పుడు చీరల కన్నా, వంటింటి సామాన్ల కన్నా కెమెరాలకి బాగా సరిపోతోంది. దసరా ఆఫర్లు మొదలవగానే ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "ఆ పాత కెమెరా తీసి పారేసి మంచిది కొనుక్కుందాం." ఆ పాతదానికి ఏమొచ్చిందని అడిగితే మాత్రం సరైన సమాధానం ఉండదు. పాతబడింది, అంతే. పాతబడటమే దాని నేరం.

మా ఇంట్లోనూ ఈ పంచాయితీ నడుస్తోంది. చీటీ డబ్బులు చేతికొచ్చాయి. మాకున్నది 2011లో కొన్న 12 మెగాపిక్సెల్ చిన్న కెమెరా, చొక్కా జేబులో పట్టేది. దాన్ని మార్చాలని మావారు, మా అబ్బాయి ఒక పక్షం. వాళ్ళకి వత్తాసుగా మా ఆడపడుచు కొడుకు. "అత్తా, పన్నెండు మెగాపిక్సెల్సా! మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువు అది" అంటాడు. ఎదురు పక్షంలో నేనొక్కదాన్నే. నా మాట ఒకటే: మనలాంటి ఇళ్ళల్లో నూటికి తొంభై సందర్భాల్లో ఆ చిన్న కెమెరాని మార్చాల్సిన పని లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మనం చెయ్యని పనికి కెమెరాని తిడుతున్నాం.

ముందు ఈ మెగాపిక్సెల్ సంగతి తేల్చేద్దాం. ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ముగ్గు వేసే ఏ ఆడపిల్లకైనా అర్థమయ్యే లెక్కే ఇది. పది వరసలు, వరసకి పది చుక్కలు పెడితే వంద చుక్కల ముగ్గు. దాన్ని రెట్టింపు వెడల్పు, రెట్టింపు ఎత్తు చెయ్యాలంటే ఇరవై వరసల్లో ఇరవైలు, అంటే నాలుగు వందల చుక్కలు పెట్టాలి. చుక్కలు నాలుగు రెట్లయ్యాయి కానీ ముగ్గు రెండింతలే పెరిగింది. కెమెరాలోనూ అంతే. 12 మెగాపిక్సెల్స్ నుంచి 48కి వెళ్తే "నాలుగు రెట్లు" అని దుకాణంలో ఊదరగొడతారు. బొమ్మ పొడవు, వెడల్పు పెరిగేది రెండింతలే.

పోనీ ఆ రెండింతలు మనకెక్కడ పనికొస్తుంది? స్టూడియోలో వేయించే మ్యాక్సీ సైజు ప్రింటు నాలుగంగుళాలు, ఆరంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా వేసినా దానికి కావలసింది 1200 బై 1800, అంటే 22 లక్షల చుక్కలు కూడా కాదు. పటం కట్టించి గోడకి తగిలించే 8 బై 12 ప్రింటుకి అదే లెక్కన సుమారు 86 లక్షలు చాలు. మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద ఉండేవి దాదాపు 21 లక్షల చుక్కలు, 4కే టీవీ అయితే 83 లక్షలు. మా పాత కెమెరా ఇచ్చేవి కోటీ ఇరవై లక్షలు! హోర్డింగులు వేయించే రాజకీయ నాయకులం కాదు కదా మనం? పైగా తీసిన ఫోటోల్లో ముప్పాతిక వంతు వెళ్ళేది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకే. అది మామూలుగా పంపితే ఫోటోని నలిపి చిన్నది చేసి గానీ అవతలకి చేరవెయ్యదు. బిందెడు పాలు తెచ్చి ఉగ్గుగిన్నెతో పోసినట్టుంటుంది.

ఇప్పుడు రెండో బాణం: సెన్సర్. ఇందులో మాత్రం నిజం ఉంది, ఉన్నదాన్ని లేదనను. వెలుతురు పడి బొమ్మ ఏర్పడే పలకే సెన్సర్. మామూలు చిన్న కెమెరాల్లో అది సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, కందిబద్ద కన్నా కాస్త పెద్దది. ఖరీదైన చిన్న కెమెరాల్లో "ఒక అంగుళం సెన్సర్" అంటారు. సోనీ వాళ్ళు 2012లో ఆర్ఎక్స్100 తెచ్చాక ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. టేపు పెట్టి కొలిస్తే అది అంగుళం ఉండదు. 13.2 మిల్లీమీటర్లు ఒక పక్క, 8.8 ఇంకో పక్క, మూల నుంచి మూలకి కొలిచినా 16 మిల్లీమీటర్ల లోపే. వెనకటి టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి, వాటి బయటి కొలత పేరు ఇప్పటికీ వీటికి అంటగడుతున్నారు. పేరు పక్కన పెడితే, చిన్నదాని కన్నా వైశాల్యం నాలుగు రెట్లు ఎక్కువ. వెడల్పాటి పళ్ళెంలో వాన నీళ్ళు ఎక్కువ పడ్డట్టు దాని మీద వెలుతురు ఎక్కువ పడుతుంది. చీకట్లో ఫోటో శుభ్రంగా వస్తుంది. ఇది ఒప్పుకోవాల్సిందే.

కానీ మన ఫోటోలు ఏ చీకట్లో పాడవుతున్నాయో కూడా చూడాలి కదా. పుట్టినరోజు నాడు లైట్లన్నీ ఆర్పేసి కొవ్వొత్తుల ముందు పిల్లాడిని నిలబెట్టి, గది చివర నుంచి జూమ్ లాగి తీస్తాం. మసగ్గా వచ్చిందని కెమెరాని తిడతాం. ఈ చిన్న కెమెరాల్లో జూమ్ చివరికంటా లాగితే లెన్సులోంచి వచ్చే వెలుతురు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. నాలుగు రెట్ల సెన్సర్ కోసం లక్ష దాకా ధారపొయ్యమంటున్నారు, జూమ్ లాగకుండా నాలుగడుగులు ముందుకేస్తే పోగొట్టుకున్న ఆ ముప్పాతిక వంతు వెలుతురు మళ్ళీ దక్కుతుంది. దానికి జీఎస్టీ కూడా లేదు.

అలాంటివే ఇంకో రెండు మూడున్నాయి. బటన్ని సగం నొక్కి ఒక్క క్షణం ఆగితే కెమెరా ముందే ఫోకస్ చూసుకుంటుంది, అప్పుడు పూర్తిగా నొక్కితే వెంటనే పడుతుంది. "క్లిక్ కొట్టేసరికి పిల్ల మొహం తిప్పేసింది" అన్న ఫిర్యాదులో సగం దీంతో తీరిపోతుంది. ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టండి. మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోండి. లెన్సు మీది వేలి ముద్రని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఇవి చెయ్యకుండా కొత్త కెమెరా కొంటే, కొత్త కెమెరాతో పాత ఫోటోలే తీస్తాం.

ఇక మూడో పక్షం ఒకటుంది, ఇది ఇంకా గడుసుది. "కొత్తదీ వద్దు, పాతదీ వద్దు, చేతిలో ఫోన్ ఉందిగా" అంటారు. ఫోన్ మంచిదే. రాత్రిపూట ఒకదాని వెంట ఒకటి నాలుగైదు బొమ్మలు తీసి, వాటిని కలిపి ఒకటి చేసే తెలివి దానికుంది. ఆ పని మా పాతది చెయ్యలేదు. కానీ పాతదానికున్న కొన్ని గుణాలు ఫోన్‌కి లేవు. దాని ఫ్లాష్ నిజమైన ఫ్లాష్. గాజు గొట్టంలోంచి రెప్పపాటులో మెరుపులా కొడుతుంది కాబట్టి ఎగిరే పిల్లాడు ఎగిరినట్టే నిలిచిపోతాడు. చాలా ఫోన్లలో ఉండేది చిన్న ఎల్ఈడీ దీపం, అది టార్చిలైటుకి చుట్టం. మామూలు ఫోన్లలో జూమ్ అంటే చాలామటుకు ఉన్న బొమ్మని సాగదియ్యడమే. చిన్న కెమెరాలో లెన్సే ముందుకొచ్చి దూరాన్ని దగ్గర చేస్తుంది. స్కూలు వార్షికోత్సవంలో పదో వరసలో కూర్చున్న తల్లికి ఈ తేడా తెలుస్తుంది.

వీటన్నిటి కన్నా పెద్ద సంగతి వేరే ఉంది. ఫోన్‌లో పడ్డ ఫోటో బావిలో పడ్డ చెంబే. గుడ్ మార్నింగ్ బొమ్మలు, కరెంటు బిల్లు స్క్రీన్‌షాట్, పప్పుల చీటీ, ఎవరో పంపిన తిరుమల క్యూ వీడియో, వీటి మధ్య ఎక్కడో మీ అమ్మగారి చివరి సంక్రాంతి ఫోటో ఉంటుంది. ఫోన్ మార్చినప్పుడు అది వచ్చిందో లేదో కూడా చూసుకోం. కెమెరా కార్డులో ఫోటోలు తప్ప ఇంకేమీ ఉండవు. దానికి ఫోన్ కాల్స్ రావు. తీస్తున్నంతసేపూ మన ధ్యాస ఎదురుగా ఉన్న మనిషి మీదే ఉంటుంది.

మన చిన్నప్పటి ఆల్బమ్‌లు ఒకసారి తిరగెయ్యండి. అగ్ఫా క్లిక్ 3 అనే కెమెరా మన దేశంలో ఎన్నో ఇళ్ళల్లో ఉండేది. 120 రీలు వేస్తే పన్నెండు చదరపు ఫోటోలు, అంతే. తరవాత యాషికాలు, కొడాక్‌లు వచ్చి ముప్ఫై ఆరు ఫోటోల రీళ్ళు వచ్చాయి. పెళ్ళికో, తిరపతి ప్రయాణానికో ఒక రీలు వేసేవారు. మిగిలిన నాలుగు ఫోటోల కోసం ఉగాది దాకా ఆగి, అప్పుడు కడిగించేవారు. ఆ కెమెరాల పక్కన పెడితే ఇవాళ మనం మ్యూజియం సరుకంటున్నది ఐరావతం. అయినా అమ్మమ్మ పెరట్లో జామచెట్టు కింద నిలబడ్డ ఫోటో వాటిలోనే ఉంది. ఎందుకుంది? కెమెరా గొప్పదై కాదు. తీసినదాన్ని కడిగించారు, అంటించారు, దాచారు, వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

మనం ఏం చేస్తున్నాం? మా ఇంట్లో హార్డ్‌డిస్కులో పద్నాలుగు వేల ఫోటోలున్నాయి, కాగితం మీద ఉన్నవి వంద లోపు. మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇంతే అనుకుంటాను. మా తోటికోడలు వాళ్ళింట్లో ఒక్క రోజు హార్డ్‌డిస్కు లేవలేదు. పాప పుట్టిన దగ్గర్నుంచి నాలుగో ఏడు దాకా అన్నీ అందులోనే. ఆవిడ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఫోటోలు ఎన్ని మెగాపిక్సెల్స్ అని ఎవరూ అడగలేదు. చివరికి మిగిలినవి ఆల్బమ్‌లో ఉన్న బారసాల ప్రింట్లే. అందుకని కొత్త కెమెరా మాట ఎత్తేవాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న, "ఇదివరకు తీసినవి రెండు చోట్ల ఉన్నాయా?" అని. లేకపోతే ముందు ఆ పని చూడండి. కారే బిందెకి కొత్త మూత ఎందుకు?

నా పట్టుదలకి అసలు కారణం ఇంకొకటుంది. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫర్ ఉండేవారు, ఆరో నిజాం దగ్గర పనిచేశారు. ఆయన 1892లో జనానా స్టూడియో అని ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా ఒకటి తెరిచారు. పరదా మాటున ఉండే స్త్రీలకి ఫోటో తీయించుకునే దారి లేదు కాబట్టి అక్కడ అంతా ఆడవాళ్ళే ఉండేలా ఏర్పాటు చేశారు. అంటే నూట ముప్ఫై ఏళ్ళ కిందట ఆడవాళ్ళు ఫోటోలో లేకపోవడానికి కారణం పరదా. ఇప్పుడు పరదా లేదు, ఇంటికి నాలుగు కెమెరాలున్నాయి. మరి మన ఆల్బమ్‌లలో అమ్మ ఏదీ? వినాయకచవితి ఫోటోలో దేవుడున్నాడు, పత్రి ఉంది, పీటల మీద తండ్రీ కొడుకులున్నారు. ఉండ్రాళ్ళు వండిన మనిషి లేదు. ఉంటే వంటింట్లో ఉంది, లేకపోతే ఫోటో తీస్తోంది.

ఖరీదైన కెమెరా ఈ జబ్బుని ఇంకా ముదరబెడుతుంది. లక్ష రూపాయల వస్తువు ఇంట్లోకి వస్తే ఏమవుతుందో మనకి తెలియదా? మొదట దానికో సంచీ, తరవాత బీరువాలో చోటు, ఆ తరవాత తాళం. "ముట్టుకోకు", "కింద పడేస్తావు", "వర్షంలో వద్దు", "బీచికి వద్దు". ఇంటిల్లిపాదిలో ఒక్కరే ముట్టుకునే వస్తువవుతుంది. పెళ్ళిళ్ళకి కూడా "ఎందుకులే, పోతే కష్టం" అని ఇంట్లోనే ఉండిపోతుంది. పాత కెమెరాకి ఈ బాధే లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల మెడలో వేస్తే ఆ పిల్ల ఊరంతా తిరిగి తెస్తుంది. బామ్మ పళ్ళు లేని నవ్వు, అరుగు కింద కుక్కపిల్లలు, చెమట తుడుచుకుంటూ బూరెలు వేయిస్తున్న అమ్మ. కొన్ని వంకరగా ఉంటాయి, కొన్నిటిలో తలలు తెగిపోతాయి. అయినా మన ఇల్లు నిజంగా ఎలా ఉందో అందులోనే కనిపిస్తుంది. మాకున్న ఫోటోల్లో నేను పోజు పెట్టకుండా ఉన్నవి లెక్కపెట్టాను. అన్నీ ఆ పాతదాంతో పిల్లలు తీసినవే.

ఇందులో వింతేమిటంటే, ఇన్నాళ్ళూ మనల్ని "మార్చండి, మార్చండి" అన్న బజారే ఇప్పుడు వెనక్కి తిరుగుతోంది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల్లో 2010లో ప్రపంచం మొత్తానికి 12 కోట్లకి పైగా డిజిటల్ కెమెరాలు వెళ్ళాయి, 2023 నాటికి అది 80 లక్షల లోపుకి దిగింది. ఫోన్ మింగేసింది. మిగిలిన కొద్దిపాటి కొనుగోలుదార్ల దగ్గర ఎక్కువ ధర రాబట్టుకోవాలి కదా, అందుకే చవక రకాలు తగ్గి ఖరీదైనవి పెరిగాయి. ఇంతలో కాలేజీ పిల్లలకి 2000ల నాటి చిన్న డిజిటల్ కెమెరాల మీద మోజు పుట్టింది. ఆ ఫ్లాష్ వెలుగు, ఆ రంగులు కావాలంటున్నారు. మనం పాత సామాన్లవాడికి వెయ్యబోతున్నదాన్ని వాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొంటున్నారు. "మ్యూజియం సరుకు" అన్న మా మేనల్లుడి స్నేహితురాలే మా కెమెరా చూసి "ఆంటీ, అమ్ముతారా?" అని అడిగింది! అమ్మనన్నాను.

అలాగని ఎప్పటికీ ఎవరూ కొనకూడదని నా వాదన కాదు. లెన్సు బయటికొచ్చి లోపలికి పోకుండా బిగుసుకుపోయి, బాగుచెయ్యడానికి దాని విలువకన్నా ఎక్కువ అవుతుందంటే వదిలెయ్యండి. బ్యాటరీ ఉబ్బితే ఆ బ్యాటరీ వాడకండి, వేరేది దొరకకపోతే అప్పుడు ఆలోచించండి. ఇంట్లో ఎవరైనా చీరల వ్యాపారమో పచ్చళ్ళ వ్యాపారమో చేస్తూ రోజూ ఫోటోలు పెట్టాల్సి ఉంటే అది పనిముట్టు, దాని లెక్క వేరు. తెల్లవారుజామునే లేచి పిట్టల కోసం చెరువు గట్టుకి వెళ్ళే పిల్లాడుంటే అప్పు చేసైనా కొనివ్వండి అంటాను.

ఎటూ తేలని వాళ్ళకి ఒక పరీక్ష. ఒక్క నెల రోజులు పాత కెమెరాని రోజూ వాడండి. అనుకున్నట్టు రాని ప్రతి ఫోటోకీ కారణం ఒక నోట్‌బుక్‌లో రాయండి. నెలాఖరుకి చూడండి. "చెయ్యి కదిలింది", "ఎండకి ఎదురుగా నిలబెట్టాను", "చార్జింగ్ లేదు" అని ఉంటే అవి కొత్త కెమెరా తీర్చేవి కావు. దగ్గరికి వెళ్ళినా, కుదురుగా పట్టుకున్నా, వెలుతురు చూసుకున్నా సరే, "చీకట్లో రాలేదు" అన్నదే పదిసార్లు కనిపిస్తే అప్పుడు వెళ్ళి ఆ ఒక్క లోపాన్ని తీర్చేది కొనుక్కోండి. మా వాళ్ళకి ఈ పరీక్ష పెట్టాను. వారం రోజులైంది, నోట్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు. ఎందుకంటే కెమెరా ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు. వాడని కెమెరా చాల్లేదని చెప్పి ఇంకో కెమెరా కొంటారట!

చీటీ డబ్బుల్లో కొంత ఈ పద్దుకి నేనూ తీస్తాను. దానికో కొత్త బ్యాటరీ. ఒక కొత్త మెమరీ కార్డు. కార్డు కొనేటప్పుడు కెమెరా మీద ఎస్‌డీ అని మాత్రమే ఉందో, ఎస్‌డీహెచ్‌సీ అని ఉందో చూసి మరీ తెచ్చుకోవాలి. బాగా పాతవైతే రెండు జీబీ దాటినవి చదవలేవు, ఎస్‌డీహెచ్‌సీ అని ఉన్నవాటికి ముప్ఫై రెండు జీబీ దాకా పనికొస్తాయి. ఉన్న ఫోటోలు ఇంకో ప్రతి తీసి పెట్టడానికి రెండో హార్డ్‌డిస్కు, అది మా అమ్మావాళ్ళింట్లో ఉంచుతాను. ఏడాదికి ఇరవై చొప్పున ఏరి మూడు వందల మ్యాక్సీ ప్రింట్లు, మూడు ఆల్బమ్‌లు. మా వీధి స్టూడియోలో ప్రింటు పదిహేను రూపాయలు. మొత్తం కలిపినా వాళ్ళు చూపిస్తున్న కొత్త కెమెరా ధరలో అయిదో వంతు దాటదు. మిగిలింది మళ్ళీ చీటీలోకే.

కాబట్టి ఆఫర్ కాగితం పక్కన పెట్టి బీరువా తెరవండి. చీరల కింద ఎక్కడో ఉంటుంది, చార్జరు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి పొద్దున్నే మీ పిల్లల చేతికివ్వండి. ఇచ్చి, మీరు వెళ్ళి కిటికీ దగ్గర కూర్చోండి. ఎప్పుడో ఒకనాడు ఆల్బమ్ తిరగేస్తూ వాళ్ళు వెతికేది మీ మొహం కోసమే. అందులో చుక్కలెన్నున్నాయని లెక్కపెట్టరు.